గిట్‌లో రీసెట్ హార్డ్ కొట్టేశా, మూడు రోజుల పని పోయింది. ఏమైనా దారి ఉందా?

పెసరట్టు_పైథాన్ · శుక్రవారం, సాయంత్రం 6.40

అందరికీ నమస్కారం. చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి.

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. నేనూ, మా టీమ్‌లో ఇంకో అమ్మాయీ కలిసి గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పేమెంట్ అనే బ్రాంచ్ మీద పని చేస్తున్నాం. మంగళవారం నుంచి నావి నాలుగు కమిట్లు (గిట్‌లో దాచిన మార్పులు) ఉన్నాయి, ఒక్కటీ పుష్ చేయలేదు, అంటే సర్వర్‌కి పంపలేదు. ఇవాళ పొద్దున సర్వర్ నుంచి పుల్ చేస్తే తనవి రెండు కమిట్లు వచ్చాయి. ఆ తర్వాత బిల్డ్ విరిగింది. రెండు గంటలు కుస్తీ పట్టినా తేలలేదు. సోమవారం బాగానే నడిచింది కదా, అప్పటికి వెనక్కి వెళ్దామని ఏఐ అసిస్టెంట్‌ను అడిగా. అది చెప్పినవి చెప్పినట్టు కొట్టేశా: రీసెట్ హార్డ్ (పాత కమిట్‌కి తిప్పేది), తర్వాత క్లీన్ ఎఫ్‌డీ (గిట్‌లో చేరని ఫైళ్లు తీసేసేది). పుష్ చేస్తే రిజెక్టెడ్ అంది. దానికీ మందు అడిగితే పుష్ ఫోర్స్ అంది, అంటే సర్వర్‌లో ఉన్నదాని మీద బలవంతంగా తొయ్యడం. అదీ కొట్టేశా.

ఇప్పుడు నా నాలుగు కమిట్లు లేవు. తన రెండూ లేవు. కమిట్ చేయని రెండు ఫైళ్ల మార్పులు పోయాయి, కొత్తగా రాసిన టెస్ట్ ఫైలు అసలే లేదు. సోమవారం డెమో. ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి సర్వర్ నుంచి మళ్ళీ క్లోన్ చేద్దామనుకుంటున్నా. లీడ్‌కి ఇంకా చెప్పలేదు.

గోదారి_గట్టు · 6.44

ఆ ఫోల్డర్ ముట్టుకోకు!!! క్లోన్ మాట ఎత్తకు. నీ ప్రాణం అందులోనే ఉంది.

గోదారి_గట్టు · 6.52

ఇందాక కంగారులో అరిచాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. ఇప్పుడు నిదానంగా చెప్తా. ముందు ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని, దాచి ఉండే డాట్ గిట్ ఫోల్డర్‌తో సహా, మొత్తంగా ఇంకోచోటికి కాపీ చెయ్యి. ఇక ప్రయోగాలన్నీ కాపీ మీదే. ఎడిటర్ తెరిచి ఉంటే మూయొద్దు, ట్యాబులు కూడా మూయొద్దు.

కమాండ్లు పలికినట్టు రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లీషులో కొట్టుకో. ముందు గిట్ రీఫ్లాగ్ అని కొట్టు. నీ హెడ్ (నువ్వున్న కమిట్‌ని చూపే గుర్తు) ఎప్పుడెప్పుడు ఎక్కడుందో వరసగా కనిపిస్తుంది, కొత్తది పైన. అన్నిటికన్నా పైన "రీసెట్: మూవింగ్ టు" అని ఒక వరస ఉంటుంది. దాని కిందిదే నువ్వు రీసెట్ కొట్టకముందు ఉన్న చోటు. ఆ వరస మొదట్లో ఏడెనిమిది అక్షరాల హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు) ఉంటుంది. గిట్ బ్రాంచ్ రక్షణ, పక్కనే ఆ హ్యాష్. అంతే. ఏదీ చెరిగిపోదు, కొత్త బ్రాంచ్ ఒకటి పుడుతుంది. తర్వాత గిట్ లాగ్ రక్షణ కొట్టి నీ నాలుగు కమిట్లు లెక్కపెట్టుకో.

పొద్దున పుల్ చేశానన్నావు కదా, ఆ అమ్మాయి రెండు కమిట్లు కూడా అందులోనే ఉండాలి.

పెసరట్టు_పైథాన్ · 7.05

అన్నా!!! ఉన్నాయి. నాలుగూ ఉన్నాయి, తన రెండూ ఉన్నాయి. కళ్ళలో నీళ్ళొచ్చాయి నిజంగా.

మరి రీసెట్ హార్డ్ అంటే చెరిపేయడం కాదా?

గోదారి_గట్టు · 7.14

కాదు. బ్రాంచ్ అంటే ఒక కమిట్ వైపు చూపించే చిన్న చీటీ, అంతే. నువ్వు ఆ చీటీని పీకి సోమవారం కమిట్ మీద అంటించావు. పాత కమిట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి దారి చెప్పేవాళ్ళు లేరు. ఆ దారి గుర్తుపెట్టుకునేదే రీఫ్లాగ్. అయితే ఎల్లకాలం ఉంచదు. మామూలు సెట్టింగుల్లో రీఫ్లాగ్ వరసలు 90 రోజులుంటాయి. ఏ బ్రాంచ్ నుంచీ చేరలేని కమిట్లవైతే 30 రోజులే.

ఇంకొకటి. రీఫ్లాగ్ నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. పుష్‌తో వెళ్ళదు, క్లోన్‌తో రాదు. అందుకే ఇందాక అంత అరిచింది.

డల్లాస్_బాబాయ్ · 7.20 (ఇక్కడ ఉదయం 8.50, చేతిలో కాఫీ)

గట్టు గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. బాబూ, ముందు ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్. నువ్వు పొద్దున పుల్ చేశాక తను ఇంకేమైనా పుష్ చేసిందేమో కనుక్కో. చేసి ఉంటే అది నీ మెషీన్‌కి రాలేదు, సర్వర్ బ్రాంచ్ మీద నుంచి నువ్వు తోసేశావు. తన ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంటుంది. నేను చెప్పేదాకా పుల్ చేయొద్దని చెప్పు.

పెసరట్టు_పైథాన్ · 7.41

బాబాయ్ గారూ, మీ నోట్లో చక్కెర పోయ. నాలుగింటికి ఇంకో కమిట్ పుష్ చేసిందట. తన దగ్గర భద్రంగా ఉంది. ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "ఇంత సేపు నువ్వొక్కడివే టెన్షన్ పడ్డావా" అంది. నేను రక్షణ బ్రాంచ్‌ని ఆ పేరుతోనే, ఫోర్స్ లేకుండా పుష్ చేశా. తను తన కమిట్‌ని చెర్రీ పిక్ చేసి (ఆ ఒక్కదాన్నే కాపీ చేసి) దానిమీద పెట్టింది.

మిగిలింది కమిట్ చేయనివి. మూడు ఫైళ్లు. వాటి మీద ఆశ వదులుకోమంటారా?

గోదారి_గట్టు · 7.48

మూడింటి పరిస్థితీ ఒకటి కాదు. వాటిలో దేనికైనా గిట్ యాడ్ కొట్టావా?

పెసరట్టు_పైథాన్ · 7.50

ఒకదానికి కొట్టా. పెద్దదానికే, రిఫండ్ లాజిక్ ఉన్నది. రెండోది యాడ్ చేయలేదు. టెస్ట్ ఫైలు కొత్తది, దాన్ని గిట్‌కి చూపించనే లేదు.

గోదారి_గట్టు · 8.03

అయితే రిఫండ్ బతికింది. యాడ్ కొట్టిన క్షణంలోనే గిట్ ఆ ఫైలు లోపలి సరుకంతా తన దగ్గర దాచుకుంటుంది, కమిట్ దాకా ఆగదు. గిట్ ఎఫ్‌ఎస్‌సీకే, లాస్ట్ ఫౌండ్ అనే ఆప్షన్‌తో కొట్టు. డ్యాంగ్లింగ్ బ్లాబ్ అని (ఏ కమిట్‌కీ చెందని ఫైలు కాపీలు) కొన్ని వస్తాయి. వాటి కాపీలు డాట్ గిట్ లోపల లాస్ట్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో, అదర్ కింద పడతాయి. ఫైలు పేర్లుండవు, హ్యాష్‌లే పేర్లు. నీకు గుర్తున్న ఫంక్షన్ పేరు పెట్టి గ్రెప్‌తో వెతుక్కో. ఒకే ఫైలు రెండు మూడు సార్లు యాడ్ చేసి ఉంటే పాతవీ కనిపిస్తాయి, చూసి తీసుకో.

మిగతా రెండింట్లో నువ్వు రాసింది గిట్ ఎప్పుడూ చూడలేదు. గిట్ వాటిని తేలేదు. ఎడిటర్ ఏది?

పెసరట్టు_పైథాన్ · 8.04

వీఎస్ కోడ్.

రాత్రి_షిఫ్ట్ · 8.09

దీనికి నేను చెప్తా, పోయిన నెల నాకూ ఇదే గతి పట్టింది. వీఎస్ కోడ్‌లో 2022 నుంచి లోకల్ హిస్టరీ ఉంది. నువ్వు సేవ్ కొట్టినప్పుడల్లా గిట్‌తో సంబంధం లేకుండా ఒక కాపీ దాస్తుంది. ఉన్న ఫైలుకైతే ఎక్స్‌ప్లోరర్ కింద టైమ్‌లైన్ అని ఉంటుంది, అందులో చూడు. డిలీట్ అయిన ఫైలుకి కమాండ్ ప్యాలెట్ తెరిచి లోకల్ హిస్టరీ అని టైప్ చేస్తే ఫైండ్ ఎంట్రీ టు రిస్టోర్ వస్తుంది. ఇంటెల్లీజే, పైచార్మ్ వాడేవాళ్ళకి ఈ సౌకర్యం చాలా ఏళ్ళ నుంచే ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి లోకల్ హిస్టరీ చూసుకోవచ్చు.

సేవ్ చేయకుండా టెర్మినల్లోంచి పుట్టించిన ఫైళ్లకి ఇది పనిచేయదు సుమా.

పెసరట్టు_పైథాన్ · 8.36

టెస్ట్ ఫైలు దొరికింది! రెండో ఫైలు టైమ్‌లైన్‌లో మధ్యాహ్నం 3.10 నాటిది ఉంది. దాని తర్వాత రాసిన పది లైన్లు సేవ్ చేయలేదనుకుంటా, అవి మళ్ళీ రాస్తా. రిఫండ్ కోసం 14 బ్లాబులొచ్చాయి, తొమ్మిదోది నాది.

ఇప్పుడు హాస్టల్‌కి వెళ్ళి అన్నం తింటా. పొద్దున టిఫిన్ తర్వాత ఏమీ తినలేదు.

బీటెక్_బుల్లోడు · 8.50

అన్నలూ, మేం ప్రాజెక్ట్‌ని జిప్ చేసి డ్రైవ్‌లో పెడతాం. ఫైనల్, ఫైనల్2, ఫైనల్ నిజంగా, అలా. మాకెప్పుడూ ఏమీ పోలేదు. గిట్ వల్లే కదా ఇన్ని తిప్పలు?

టెస్టర్_అక్క · 9.02

బుల్లోడూ, ఫైనల్2కీ ఫైనల్ నిజంగాకీ మధ్య ఏ లైను మారిందో ఇప్పుడు చెప్పగలవా? ఎందుకు మార్చావో? నలుగురు ఒకేసారి మార్చితే?

నా అనుభవం ఒకటి చెప్తా. ఒకచోట బిల్లింగ్ అప్లికేషన్‌లో జీఎస్టీ లెక్కలో పైసా తేడా రావడం మొదలైంది. రెండు నెలల కిందటి రిలీజ్‌లో లేదు, ఇప్పుడుంది. మధ్యలో దాదాపు 600 కమిట్లు. డెవలపర్లు "మా మాడ్యూల్ కాదు" అంటే "మా మాడ్యూల్ కాదు" అని తిప్పారు. నాకు కోడ్ లోతుగా రాదు, కానీ గిట్ బైసెక్ట్ వచ్చు. నిఘంటువులో మాట వెతికినట్టే. సరిగ్గా మధ్య కమిట్‌కి తీసుకెళ్తుంది. అక్కడ తప్పుందా లేదా చెప్పాలి. ఉంటే మొదటి సగం, లేకపోతే రెండో సగం. 600 కమిట్లయినా పదిసార్లకి మించి చూడనక్కర్లేదు. తేడా వస్తే ఒకటి, రాకపోతే సున్నా ఎగ్జిట్ కోడ్ ఇచ్చే చిన్న స్క్రిప్టు రాసి బైసెక్ట్ రన్‌కి ఇచ్చా. ఒకట్రెండు చోట్ల బిల్డే కాలేదు, అలాంటిచోట 125 ఇస్తే ఆ కమిట్‌ని దాటేస్తుంది. టీ తాగి వచ్చేసరికి దొంగ దొరికాడు.

అసలు కథ ఇప్పుడు. ఆ కమిట్ పేరు "చిన్న మార్పు". అందులో 41 ఫైళ్లు! దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో తెలిసింది కానీ ఆ ఇంటికి 41 గదులు. పైసా తేడా తెచ్చిన లైను పట్టుకోవడానికి ఇంకో రోజున్నర పట్టింది.

గోదారి_గట్టు · 9.15

అక్కా, 41 గదుల ఇల్లు 😀

ఒక కమిట్‌కి ఒకే పని అని నేను మొత్తుకునేది అందుకే. మెసేజ్‌లో ఏం మార్చావో రాయక్కర్లేదు, అది డిఫ్ (మారిన లైన్లు) చూస్తే తెలుస్తుంది. ఎందుకు మార్చావో రాయాలి. "రౌండింగ్ మార్చాను" కాదు, "బిల్లు మొత్తం మీద కాకుండా ప్రతి ఐటెమ్ మీదా రౌండ్ చేస్తున్నాం, క్లయింటు ఆడిటర్ అడిగారు" అని. ఆరు నెలల తర్వాత గిట్ బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపేది) కొట్టేవాడికి ఆ ఒక్క వాక్యమే దిక్కు. ఆ కొట్టేది చాలాసార్లు మనమే.

నిక్కచ్చి_నాని · 9.31

అందరూ బాగానే ఓదార్చారు కానీ, చదవకుండా కమాండ్ కొట్టడం తప్పు అని ఎవరూ అనరేం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. గిట్ రాని వాళ్ళకి పుష్ అనుమతి ఎందుకిస్తారో నాకర్థం కాదు.

డల్లాస్_బాబాయ్ · 9.48

నాని గారూ, తప్పే. అతనికీ తెలుసు. కానీ ఎనిమిది నెలల కుర్రాడు ఒక్క కమాండ్‌తో ఇద్దరు పనిచేసే బ్రాంచ్‌ని చెరపగలిగాడంటే, ఆ తలుపుకి గొళ్ళెం పెట్టనిది ఎవరు? గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ రెండింట్లోనూ ప్రొటెక్టెడ్ బ్రాంచ్ సౌకర్యం ఉంది. ఫోర్స్ పుష్ అక్కడే ఆగిపోతుంది. రెండు నిమిషాల పని.

గిట్‌ల్యాబ్ అంటే గుర్తొచ్చింది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు, రాత్రి పొద్దుపోయాక, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ డిలీట్ కొట్టారు. ఒకట్రెండు క్షణాల్లోనే తెలుసుకుని ఆపారు. అప్పటికే దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌లు తీద్దామంటే ఒక్కోటీ ఖాళీ. రోజూ జరగాల్సిన డంప్ (డేటాబేస్ బ్యాకప్), డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే 9.2 వెర్షన్ టూల్‌తో నడిచి ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్ళే ఈమెయిళ్లు కూడా అవతల రిజెక్ట్ అవుతున్నాయి, ఎవరికీ అందలేదు. అదృష్టం కొద్దీ అదే ఇంజనీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉంటే దానితో లేచారు.

నాకు నచ్చింది తర్వాత చేసింది. రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, నోట్స్ అందరికీ తెరిచిపెట్టారు. తర్వాత రాసిన నివేదికలో ఆ మనిషి పేరు లేదు. ఒక మనిషి చేయి జారితే ఇంత పోయే పరిస్థితి ఎలా వచ్చిందో రాసుకున్నారు.

నిక్కచ్చి_నాని · 10.02

బ్యాకప్ ఉదాహరణకి ఒప్పుకుంటా. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేనూ నమ్మను. కానీ కమాండ్ చదవడం నేర్చుకోవాలన్న మాట వెనక్కి తీసుకోను.

గోదారి_గట్టు · 10.10

దాంట్లో మీరు చెప్పిందే రైటు నాని గారు. కనీసం మూడు అలవాట్లు చేసుకోవచ్చు. క్లీన్ కొట్టేముందు ఎన్ అనే ఆప్షన్‌తో ఒకసారి కొడితే ఏవేవి పోతాయో చెప్తుంది, తీయదు. రీసెట్ హార్డ్ బదులు ముందు స్టాష్ చేసుకోవచ్చు (మార్పుల్ని పక్కన దాచుకోవడం), కొత్త ఫైళ్లనీ కలపాలంటే యూ ఆప్షన్ తగిలించాలి. ఫోర్స్ బదులు ఫోర్స్ విత్ లీజ్. సర్వర్‌లో నేను చివరిసారి చూసింది ఇప్పటికీ అలాగే ఉంటేనే తొయ్యి, ఎవరైనా కొత్తది పెట్టి ఉంటే ఆగిపో అని దానర్థం. ఇవాళ అది వాడి ఉంటే ఆ నాలుగింటి కమిట్ దగ్గర తప్పకుండా ఆగేది.

రాత్రి_షిఫ్ట్ · 10.21

లీజ్‌లో ఒక చిల్లు ఉంది అన్నా. కొన్ని ఎడిటర్లు వెనకాల వాటంతటవే ఫెచ్ చేస్తుంటాయి, అంటే సర్వర్‌లో కొత్తవి తెచ్చుకుంటాయి. అప్పుడు మనం చూడకపోయినా గిట్ "చూశావుగా" అనుకుని తోసేస్తుంది. 2.30 వెర్షన్ నుంచి ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్ అని ఇంకోటి ఉంది. రెండూ కలిపి వాడితే సర్వర్‌లో ఉన్నది మన దాంట్లో కలిసిందా లేదా కూడా చూస్తుంది.

గోదారి_గట్టు · 10.25

ఇది నాకు తెలియదు. ఇప్పుడే దానికి అలియాస్ (పొట్టి పేరు) పెట్టుకున్నా.

అక్షరాల_అప్పారావు · శనివారం, ఉదయం 9.15

కొంచెం పక్కదారి. మా ప్రాజెక్టులో ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి, దరఖాస్తు నమూనాలు. గిట్ స్టేటస్ కొడితే పేర్ల బదులు వెనకగీత (బ్యాక్‌స్లాష్) 340, వెనకగీత 260 అంటూ అంకెల చాంతాడు వస్తోంది. ఫైళ్లు పాడయ్యాయా?

రాత్రి_షిఫ్ట్ · 9.40

పాడవలేదండీ. యూటీఎఫ్ 8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు. గిట్ వాటిని అష్టాంశ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెల్లో చూపిస్తోంది. మొదటిది ఎప్పుడూ 340, రెండోది 260 లేదా 261. అందుకే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ని ఫాల్స్ చేయండి, చక్కగా తెలుగులో కనిపిస్తాయి.

అక్షరాల_అప్పారావు · 9.52

వచ్చాయి! రెండేళ్ళుగా అంకెలు చూసి ఫైలు పేరు ఊహిస్తున్నాను నాయనా.

కొత్త_కీబోర్డు · 11.30

ఈ చర్చ చదివాక భయమేస్తోంది. క్లౌడ్ పాస్‌వర్డున్న ఎన్వ్ ఫైలు పొరపాటున పుష్ చేశాను. తర్వాతి కమిట్‌లో తీసేశాను. పోయినట్టే కదా?

టెస్టర్_అక్క · 11.38

పోలేదమ్మా. పైన పిల్లాడి కమిట్లు ఎలా బతికాయో చూశావుగా, నీ పాస్‌వర్డూ అలాగే బతికుంది. పాత కమిట్‌కి వెళ్ళి ఎవరైనా చదువుకోవచ్చు. ముందు ఆ పాస్‌వర్డు మార్చెయ్, కీ అయితే రద్దు చేసి కొత్తది తీసుకో. హిస్టరీ శుభ్రం చేయడం ఆ తర్వాత. దానికి ఫిల్టర్ రెపో అనే టూల్ ఉంది, కానీ అది హిస్టరీ మొత్తం తిరగరాస్తుంది, టీమ్‌తో మాట్లాడకుండా ముట్టుకోకు. ఎన్వ్ ఫైలుని గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పెట్టు. ఇప్పటికే ట్రాక్ అవుతున్న ఫైలుకి ఇగ్నోర్ పనిచేయదు, కాష్డ్ ఆప్షన్‌తో గిట్ ఆర్ఎం కొట్టాలి.

కొత్త_కీబోర్డు · 11.55

మార్చేశాను అక్కా. అప్పటికే బిల్లు ఏమైనా వచ్చిందేమోనని చూశాను, రాలేదు. దేవుడున్నాడు.

పెసరట్టు_పైథాన్ · సోమవారం, రాత్రి 8.15

డెమో అయింది. శనివారమే లీడ్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పా. తిడతారనుకున్నా. "నేనూ ఒకసారి మాస్టర్ బ్రాంచ్‌నే లేపేశా" అన్నారు. ఇవాళ పొద్దున మూడు ముఖ్యమైన బ్రాంచ్‌లకి ప్రొటెక్షన్ పెట్టించారు, పెట్టే పని నాకే అప్పగించారు.

బిల్డ్ ఎందుకు విరిగిందో కూడా దొరికింది. తను కొత్త లైబ్రరీ చేర్చింది, నేను పుల్ చేశాక ఇన్‌స్టాల్ చేయలేదు. ఒక్క కమాండ్. దానికోసం ఇంత రామాయణం.

ఒక సందేహం. రోజూ సాయంత్రం సగం సగం పనిని కూడా పుష్ చేయమని తను అంటోంది. హిస్టరీ చెత్తగా కనిపించదా?

నిక్కచ్చి_నాని · 8.40

కనిపిస్తుంది. నీ సొంత బ్రాంచ్ మీద చెయ్యి, విలీనం చేసేముందు స్క్వాష్ చేసి నాలుగు మంచి కమిట్లుగా కుదించు. రాత్రి ల్యాప్‌టాప్ మీద నీళ్ళు పడితే రీఫ్లాగ్ కూడా మునుగుతుంది.

(లైబ్రరీ సంగతి నాకూ రెండుసార్లు జరిగింది. ఎవరికీ చెప్పకండి.)

బీటెక్_బుల్లోడు · 9.20

అన్నలూ, నేనూ శనివారం నుంచి గిట్ మొదలుపెట్టా. ఇవాళ ఏదో తేడా చేసి, పోయిందనుకుని, ఫోల్డర్ డిలీట్ చేశాక ఈ చర్చ గుర్తొచ్చింది. పుష్ చేయలేదు. రీఫ్లాగ్ కొట్టడానికి ఫోల్డరే లేదు.

గోదారి_గట్టు · 9.22

విండోసా? మౌస్‌తో డిలీట్ చేశావా?

బీటెక్_బుల్లోడు · 9.22

అవును అన్నా.

గోదారి_గట్టు · 9.23

రీసైకిల్ బిన్ చూశావా?

బీటెక్_బుల్లోడు · 9.26

ఉంది!!! డాట్ గిట్‌తో సహా.